శివారు గదికి అందని వేడి

ఇంగ్లండ్‌లో లీసెస్టర్‌లాంటి ఊళ్లో, గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన పాత ఇటుక ఇళ్లలో ఒకదాన్ని ఊహించుకుందాం. జనవరి నెల. మనవణ్ణి చూడ్డానికి రేపల్లె నుంచి వచ్చిన అమ్మమ్మకు మేడ మీద వెనక గది ఇచ్చారు. కింద హాల్లో రేడియేటర్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. ఆమె గదిలోది గోరువెచ్చగా కూడా లేదు. అల్లుడు వెళ్లి బాయిలర్ వేడి పెంచాడు. గంట గడిచింది. హాల్లో వాళ్లు స్వెట్టర్లు విప్పేశారు. పైన అమ్మమ్మ రెండో దుప్పటి అడిగింది.

"మొదటి చేలే నీళ్లన్నీ తాగేస్తుంటే, బ్యారేజీ గేట్లు ఎత్తి ఏం లాభం అల్లుడుగారూ?" అని ఆమె అంటే గనక, ప్లంబరు చెప్పాల్సిన దాంట్లో సగం ఆమే చెప్పేసినట్టు. కృష్ణా డెల్టాలో కాలువ చివర పొలం ఉన్నవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్లు ఉండటం వేరు, అందటం వేరు. ఇంటిని వెచ్చబెట్టే వేడిదీ అదే కథ. రేడియేటర్ చల్లగా ఉంటే వేడి చాలడం లేదనుకుంటాం. చాలాసార్లు వేడికి కొరత ఉండదు. దాన్ని మోసుకెళ్లే నీళ్లే నడవడం లేదు.

నిమిషానికి ఒక చెంబుడు

బ్రిటన్‌లో రెండు కోట్లకు పైగా ఇళ్లను చలికాలంలో గ్యాసే వెచ్చబెడుతుంది. వంటింటి గోడకు తగిలించిన బాయిలర్ నీళ్లను కాస్తుంది. పంపు ఆ నీళ్లను ఫ్లో పైపులోకి తోస్తుంది. ఆ పైపు నుంచి ప్రతి రేడియేటర్‌కూ ఒక పాయ చీలుతుంది. రేడియేటర్‌లో వేడి దించేసిన నీళ్లు రెండో పక్క నుంచి బయటపడి, రిటర్న్ పైపులో కలిసి, మళ్లీ బాయిలర్‌కు చేరతాయి. స్నానానికి కుళాయిలో వచ్చే వేన్నీళ్లకూ వీటికీ పొత్తు లేదు. గోడల్లోనూ నేల కిందా తిరిగే ఈ నీళ్లు ఏళ్ల తరబడి అవే.

ఒక లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ చల్లారితే దాదాపు 4,186 జౌళ్ల వేడి బయటికి వస్తుంది. 70 డిగ్రీల దగ్గర రేడియేటర్‌లోకి వెళ్లిన నీళ్లు 50 డిగ్రీల దగ్గర బయటికి వచ్చాయనుకుందాం. అంటే ప్రతి లీటరూ 20 డిగ్రీల వేడిని గదిలో దించి పోయింది. ఈ లెక్కన 1,500 వాట్ల రేడియేటర్ నిండుగా పనిచేయాలంటే నిమిషానికి లీటరు పైన కాసిని నీళ్లు దాని గుండా సాగాలి. మన ఇళ్లలో చెప్పుకోవాలంటే ఒక చెంబుడు. ఇల్లంతటికీ కలిపి 12 కిలోవాట్లు కావాలన్నా నిమిషానికి ఎనిమిదిన్నర లీటర్లు చాలు.

ఆ చెంబుడు కాస్తా పావు చెంబైతే? ఆ కొద్ది నీళ్లు తమ దగ్గరున్న వేడినంతా ఊడ్చి, 20 డిగ్రీల గదితో సమానమయ్యేదాకా చల్లారినా, గదికి దక్కేది 940 వాట్లు మించదు. బాయిలర్‌ను 70 నుంచి 80కి పెంచినా ఆ హద్దు 1,125 దగ్గరే ఆగిపోతుంది. నిజంగా అందేది ఇంకా తక్కువ. అల్లుడు ఎంత పెంచినా అమ్మమ్మ గది 1,500 వాట్లు ఎందుకు చూడలేదో ఈ లెక్కలోనే ఉంది. పైగా నీళ్లు బాగా ఆడుతున్న హాల్లో మాత్రం ఆ పెంచిన వేడి నిండుగా పనిచేసింది.

పంపు నీళ్లను ఎత్తదు

మనకు పంపు అనగానే నూతిలోంచో సంపులోంచో డాబా మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు గుర్తొస్తుంది. అందుకే మేడ మీది రేడియేటర్ చల్లబడితే "పంపుకు అంత ఎత్తు నెట్టే బలం లేదేమో" అనిపిస్తుంది. ఇక్కడి పని వేరు. పైపుల చుట్టు మూసి ఉంది, అందులో నీళ్లు నిండుగా ఉన్నాయి. పైకి ఎంత నీరు వెళ్తుందో అంతే నీరు అటు పక్క కిందికి దిగుతుంది. గిలక మీద చెరో వైపు సమానమైన బిందెలు వేలాడుతున్నట్టన్నమాట. దిగే బిందె బరువే ఎక్కే బిందెను లాగుతుంది, మనం గిలక బిగువును మాత్రం దాటిస్తే చాలు. ఈ పంపు కూడా అంతే. పైపు గోడల రాపిడిని, వంపుల్లోనూ వాల్వుల్లోనూ ఎదురయ్యే అడ్డును గెలవడమే దాని పని.

ఒకప్పుడు ఆ పంపు కూడా లేదు. స్వీడన్‌కు చెందిన మార్టిన్ ట్రీవాల్డ్ 1716లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మొక్కల అద్దాల ఇంటిని వేన్నీటి పైపులతో వెచ్చబెట్టాడు. 1850లలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లీ రేడియేటర్‌కు రూపమిచ్చాడు. ఆ కాలంలో నీళ్లను తిప్పింది వాటి బరువులో తేడాయే. 70 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు దాదాపు 978 గ్రాములు తూగితే, 50 దగ్గర 988 తూగుతాయి. పది గ్రాముల తేడాతో చల్లటి నీళ్లు దిగి, వేడి నీళ్లను పైకి తోస్తాయి. మూడు మీటర్ల ఎత్తున్న ఇంట్లో ఈ తోపుడు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్ల ఒత్తిడికి సమానం. అంత చిన్న బలంతో నడవాలి కాబట్టే పాత బడుల్లో, చర్చీల్లో చేతికి పట్టనంత లావు పైపులు కనిపిస్తాయి.

1920ల చివర్లో జర్మనీలో పైపులోనే ఇమిడే పంపు వచ్చింది. నేటి ఇంటి పంపు అయిదారు మీటర్ల లోతు నీళ్ల ఒత్తిడికి సరిపడా తోస్తుంది. వెనకటి సహజ ప్రవాహంతో పోలిస్తే సుమారు రెండు వందల రెట్లు. ఆ ధీమాతో పైపులు 22, 15 మిల్లీమీటర్లకు సన్నబడ్డాయి. 1970లలో కట్టిన కొన్ని ఇళ్లలో 8, 10 మిల్లీమీటర్ల పైపులు కూడా వేశారు. సన్నదనానికి ఒక వెల ఉంది. పైపు లోపలి వెడల్పు సగమైతే, అంతే నీటిని అంతే సమయంలో పంపడానికి సుమారు 32 రెట్లు ఒత్తిడి కావాలి. లోపల కొద్దిపాటి మడ్డి పేరుకున్నా ఇల్లు ఎందుకు చల్లబడుతుందో ఈ 32లో తెలుస్తుంది.

చెయ్యే థర్మామీటర్

వైద్యుడు నాడి పట్టుకున్నట్టు రేడియేటర్‌ను పట్టి చూడటంతో పరీక్ష మొదలవుతుంది. మీటలు తిప్పకముందే, కాలకుండా జాగ్రత్తగా, ఏ గదిలోది ఎక్కడ వేడిగా ఉందో ఎక్కడ చల్లగా ఉందో రాసుకుంటే రోగం సగం బయటపడుతుంది.

పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి ఉంది. బావి దగ్గర మోటారుకు గాలి పట్టడం మనకు తెలిసిందే. నీళ్లలో ఎప్పుడూ కొంత గాలి కరిగి ఉంటుంది. వేడి పెరిగినా ఒత్తిడి తగ్గినా అది బయటికి వస్తుంది. పొయ్యి మీది గిన్నెలో నీళ్లు మరగకముందే అంచుల వెంట పుట్టే బుడగలు అవే. ఆ గాలి ఎత్తయిన చోటికి, అంటే మేడ మీది రేడియేటర్ల నెత్తికి, చేరుతుంది. విరుగుడు సులువు. హీటింగ్ ఆపేసి, నీళ్లు చల్లారాక, రేడియేటర్ పై మూలనున్న చిన్న చతురస్రపు మరను కీతో అర చుట్టు వదులు చేయాలి. కింద గుడ్డ పట్టుకోవాలి. బుస్సుమని గాలి పోయి, నీటి చుక్క కనబడగానే బిగించేయాలి. పంపు తిరుగుతుండగా ఈ పని చేస్తే కొన్ని అమరికల్లో గాలి బయటికి పోకపోగా లోపలికే వస్తుంది.

నెలకోసారి గాలి తీయాల్సి వస్తుంటే అనుమానించాలి. అది గాలే అయితే ఎక్కడో సందు ఉంది. గాలి కాకపోతే హైడ్రోజన్. ఉక్కు రేడియేటర్‌ను నీళ్లు లోపలి నుంచి తినేస్తున్నప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అది మండే వాయువు. అందుకే గాలి తీసేటప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ ఉండకూడదు.

పైన వేడిగా, అడుగున నడిమధ్య చల్లగా ఉంటే అది మడ్డి. బ్రిటన్ రేడియేటర్లలో వేడి నీళ్లు మామూలుగా ఒక పక్క అడుగు నుంచి వచ్చి, పైకి లేచి, చల్లారి దిగి, రెండో పక్క అడుగు నుంచి పోతాయి. బరువైన పొడి ఏదైనా ఉంటే ఆ అడుగునే పేరుకుంటుంది. ఆ పొడి చాలావరకు మాగ్నెటైట్ అనే నల్లటి ఐరన్ ఆక్సైడ్. మనం రోజూ చూసే ఎర్ర తుప్పుకు ఆక్సిజన్ దండిగా కావాలి. మూసిన పైపుల్లో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది కాబట్టి అక్కడి తుప్పు నల్లగా ఉంటుంది. రేడియేటర్ నుంచి తీసిన నీళ్లు సిరాలా నల్లగా ఉంటే లోపల ఉక్కు అరుగుతోంది. ఎర్రగా, గోధుమరంగులో ఉంటే ఎక్కణ్ణించో ఆక్సిజన్ విడవకుండా వచ్చి చేరుతోంది. ఆ నల్లనీళ్లున్న గ్లాసు పక్కన బలమైన అయస్కాంతం పెట్టి చూడండి. పొడి గోడవైపు పాకుతుంది. బాయిలర్‌కు తిరిగొచ్చే పైపు మీద బిగించే అయస్కాంత ఫిల్టర్ ఈ కిటుకుతోనే పనిచేస్తుంది.

ఈ రోగానికి మందు మూడు పనుల్లో ఉంది. ఒక్క రేడియేటరే అయితే దాన్ని విప్పి పెరట్లో పైపు పెట్టి కడుగుతారు. ఇల్లంతా అయితే రసాయనం కలిపిన నీళ్లను యంత్రంతో వేగంగా తిప్పి మడ్డిని కడిగేస్తారు. ఆ తర్వాత తుప్పును ఆపే ఇన్హిబిటర్ ద్రవం కలుపుతారు. ఈ మూడోది మరిచిపోతే మొదటి రెండూ మళ్లీ చేయాల్సిందే.

ఇల్లంతా వేడిగా ఉండి ఒక్క రేడియేటర్ మాత్రం పూర్తిగా చల్లబడితే దాని వాల్వును చూడాలి. అంకెలున్న గుండ్రటి పిడిలో మైనమో ద్రవమో నింపిన చిన్న గుళిక ఉంటుంది. గది వెచ్చబడితే గుళిక ఉబ్బి, ఒక సన్నటి పిన్నును నొక్కి, నీటిదారి మూస్తుంది. డెన్మార్క్‌కు చెందిన మాడ్స్ క్లాసెన్ 1943లో తెచ్చిన ఉపాయమిది. కరెంటు అక్కర్లేదు. ఎండాకాలమంతా మూసి ఉంచితే ఆ పిన్ను కిందికి దిగి అక్కడే బిగుసుకుపోతుంది. పిడి ఊడదీసి, పిన్నును నెమ్మదిగా నొక్కి వదిలితే అది తిరిగి పైకి రావాలి. రాకపోతే చుట్టూ మెల్లగా తట్టి, మళ్లీ నొక్కాలి. పటకారతో పట్టి లాగితే పిన్ను ఊడిపోయి గదిలో ఫౌంటెన్ చూడాల్సి వస్తుంది. వేసవిలో ఈ వాల్వులను తెరిచి ఉంచడమే తేలికైన నివారణ.

ఇల్లంతా చల్లబడితే

అప్పుడు బాయిలర్ ముందున్న ఒత్తిడి ముల్లును చూడాలి. చల్లగా ఉన్నప్పుడు అది మామూలుగా 1, 1.5 బార్ల మధ్య ఉండాలి. బాగా పడిపోతే చాలా బాయిలర్లు వెలగనే వెలగవు. మంచినీటి పైపుతో కలిపే గొట్టం వాల్వు తెరిచి కాసిని నీళ్లు పడితే సరిపోతుంది. వారం వారం పట్టాల్సి వస్తే మాత్రం ఎక్కడో కారుతోంది. కొత్త నీళ్లు పోసిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ కూడా పోస్తున్నాం, అంటే తుప్పుకు మేత వేస్తున్నాం.

ముల్లు చల్లగా ఉన్నప్పుడు అడుగంటి, వేడెక్కగానే 3 దాకా ఎగబాకుతుంటే కారణం వేరు. 100 లీటర్ల నీళ్లు 10 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే మూడు లీటర్ల దాకా ఉబ్బుతాయి. ఆ మూడు లీటర్లకూ చోటివ్వడానికి, మధ్యలో రబ్బరు తెర, ఒక పక్క గాలి ఉన్న డబ్బా ఒకటి ఉంటుంది. ఫుట్‌బాల్లో గాలి తగ్గినట్టు అందులో గాలి తగ్గితే, ఉబ్బిన నీళ్లకు చోటు దొరకదు. 3 బార్ల దగ్గర భద్రతా వాల్వు తెరుచుకుని నీళ్లు బయటికి పోతాయి. చల్లారాక ఒత్తిడి పడిపోతుంది.

ఒత్తిడి సరిగా ఉండి, కుళాయిలో వేన్నీళ్లు వస్తూ, రేడియేటర్లు చల్లగా ఉంటే బాయిలర్ లోపలి దారిమళ్లింపు వాల్వు కుళాయి నీళ్లను కాచే వైపే బిగుసుకుని ఉండొచ్చు. బాయిలర్ వెలుగుతూ, నిమిషంలోనే ఆరిపోతూ, మళ్లీ వెలుగుతుంటే పంపు నీళ్లను కదపడం లేదని అనుమానించాలి. ఈ పంపుల బేరింగులకు నూనె ఉండదు, చుట్టూ పారే నీళ్లే కందెన. నెలల తరబడి తిరగకపోతే మడ్డి పట్టి బిగుస్తాయి. కదలని నీళ్లు బాయిలర్‌లోనే చిటికెలో కాగిపోతాయి. తన గుమ్మంలో వేడి చేరగానే ఊరంతా వెచ్చబడిందనుకుని బాయిలర్ మంట ఆర్పేస్తుంది.

ఇక్కడ ఒక గీత ఉంది. గాలి తీయడం, పిన్ను నొక్కడం, ఒత్తిడి చూసుకోవడం ఇంటివాళ్ల పని. బాయిలర్ మూత విప్పి గ్యాస్‌తో ముడిపడిన దేన్నయినా తాకడం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవారి పని. బ్రిటన్‌లో 2009 నుంచి ఈ రిజిస్టరే చట్టబద్ధం. మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అద్దె ఇంట్లో చదువుకుంటున్న మన పిల్లలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు వర్తించే 1985 నాటి చట్టం ప్రకారం హీటింగ్‌ను పనిచేసే స్థితిలో ఉంచాల్సింది ఇంటి యజమాని.

తూము దగ్గర న్యాయం

అమ్మమ్మ గదిలో గాలి లేదు, మడ్డి లేదు, పిన్ను బాగానే ఉంది. పంపు తిరుగుతోంది. అయినా చలే. అప్పుడు మిగిలేది ఆమె అనగలిగిన మాటే: మొదటి చేలు నీళ్లన్నీ తాగేస్తున్నాయి.

నీళ్లకు పక్షపాతం లేదు, సోమరితనం ఉంది. అడ్డు తక్కువున్న దారిలోనే పోతాయి. బాయిలర్‌కు దగ్గరున్న హాల్ రేడియేటర్‌కు పైపు పొట్టి, రాపిడి తక్కువ. మేడ మీద వెనక గదికి పైపు పొడవు, వంపులెక్కువ. రెండింటి వాల్వులూ బార్లా తెరిచి ఉంటే హాల్లో చెంబులకు చెంబులు దొర్లిపోతాయి, వెనక గదికి గరిటెడు అందుతుంది. పంపు వేగం పెంచితే అందరికీ పెరుగుతుంది, వాటాల తేడా మాత్రం అలాగే ఉంటుంది.

కాలువల మీద ఈ తగవును తూముల కొలతతో తీరుస్తారు. మొదటివాళ్ల తూము చిన్నది చేస్తేనే శివారు ఆయకట్టు తడుస్తుంది. రేడియేటర్‌కు అటువంటి తూము ఉంది. పిడి ఉన్న వైపు కాకుండా రెండో వైపు, ప్లాస్టిక్ టోపీ కింద దాగిన లాక్‌షీల్డ్ వాల్వు అది. ఇల్లు పూర్తిగా చల్లారాక అన్ని వాల్వులూ తెరిచి హీటింగ్ వేస్తే, ఏ రేడియేటర్ ముందు వేడెక్కిందో, ఏది వెనకబడిందో వరస తెలుస్తుంది. ముందుగా వేడెక్కినదాని లాక్‌షీల్డ్‌ను పూర్తిగా మూసి, పావు చుట్టు తెరవాలి. అక్కణ్ణించి వరసగా ఒక్కొక్కదాన్ని మరికాస్త ఎక్కువ తెరుస్తూ పోయి, అన్నిటికన్నా వెనకబడినదాన్ని పూర్తిగా తెరిచి ఉంచాలి. తర్వాత ప్రతి రేడియేటర్ దగ్గరా వచ్చే పైపుకూ పోయే పైపుకూ ఉష్ణోగ్రత తేడా కొలవాలి. పాత బాయిలర్లకు ఈ తేడా 11, 12 డిగ్రీలు, కండెన్సింగ్ బాయిలర్లకు 20 దాకా ఉండేలా సర్దుతారు. ఒక తూము కదిపితే మిగిలిన అందరి వాటా మారుతుంది. అందుకే ఒక్కో మార్పు తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగాలి. సాయంత్రమంతా పట్టే పని, ఖర్చు లేని పని.

వేడి తగ్గిస్తే వెచ్చదనం

ఈ సర్దుబాటు వల్ల గ్యాస్ బిల్లు కూడా తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో 2005 నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు, అరుదైన మినహాయింపులు పోను, కండెన్సింగ్ రకంవే. గ్యాస్ మండితే పుట్టే నీటి ఆవిరిని పొగలో వదిలేయకుండా, నీటిగా మార్చి ఆ దాగిన వేడిని కూడా ఇవి రాబట్టుకుంటాయి. దానికొక షరతు: తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉండాలి. హాల్ రేడియేటర్ గుండా పరుగెత్తి, వేడి దించకుండానే వెనక్కొచ్చే నీళ్లు ఆ షరతును చెడగొడతాయి. అల్లుడు బాయిలర్ వేడి పెంచినప్పుడు సరిగ్గా జరిగింది అదే. వెనక గది వెచ్చబడలేదు, గ్యాస్ మాత్రం ఎక్కువ కాలింది.

బాయిలర్ల స్థానంలో హీట్ పంపులు వస్తున్న కొద్దీ ప్రవాహం సంగతి మరింత కీలకమవుతోంది. హీట్ పంపు తక్కువ వేడి నీళ్లతోనే లాభసాటిగా పనిచేస్తుంది. నీళ్లు గది కన్నా 50 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు ఒక రేడియేటర్ ఇచ్చే వేడిలో, తేడా 30 డిగ్రీలకు తగ్గితే సగమే వస్తుంది. అందుకే పెద్ద రేడియేటర్లు కావాలి. పైగా వెళ్లే నీళ్లకూ వచ్చే నీళ్లకూ తేడా 20 బదులు 5 డిగ్రీలే ఉంటే, అదే వేడి మోయడానికి నాలుగు రెట్లు నీళ్లు తిరగాలి. బాయిలర్ రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చిన మడ్డి, సన్నపైపులు, సరిచేయని తూములు అప్పుడు దాక్కోలేవు.

మన లీసెస్టర్ ఇంట్లో ఆదివారం సాయంత్రం అల్లుడు స్పానర్ పట్టుకుని హాల్లో కూర్చున్నాడు. ప్లాస్టిక్ టోపీ తీసి, లాక్‌షీల్డ్ మూసి, పావు చుట్టు వదిలాడు. అరగంటకు వెనక గది పైపు టిక్కు టిక్కుమంది. వేడెక్కిన రాగి సాగుతున్న చప్పుడది. మర్నాడు అతను బాయిలర్‌ను పది డిగ్రీలు తగ్గించాడు. రెండో దుప్పటి మడతపెట్టి అలమారులోకి వెళ్లింది.